పదిహేడో బిళ్ళ

పూల్‌సింగ్ బిళ్ళలు తుడుస్తున్నాడు. రాత్రి కొట్టిన జల్లుకు చెక్క బోర్డు తడిసిపోయింది. మేకులకు వేలాడుతున్న రేకు బిళ్ళలను ఒక్కొక్కటే తీసి, తువ్వాల అంచుతో తడి అద్ది, మళ్ళీ దాని మేకుకే తగిలిస్తున్నాడు. మొత్తం నలభై బిళ్ళలు. నూనె డబ్బాల రేకు కత్తిరించి, చేతులు కోసుకుపోకుండా అంచులు మడిచికొట్టి, ఎర్ర రంగుతో అంకెలు వేసింది అతనే. అక్షరాలు రావు గాని అంకెలు వచ్చు. అతను వేసే ఆరు మాత్రం కాస్త వెనక్కి ఒరుగుతుంది. పదహారు, ఇరవై ఆరు కూడా అలాగే ఒరిగి ఉంటాయి. ఎవరైనా నవ్వితే తనూ నవ్వుతాడు గాని దిద్దడు.

లింగంపేట దాటి ఎల్లారెడ్డి వైపు పోతుంటే ఎడమచేతికి ఒక మట్టిదారి అడవిలోకి చీలుతుంది. దాని చివర బుగ్గగుట్ట పార్కు. పార్కు అన్నారు కదా అని పూలమొక్కలు, ఊయలలు ఊహించుకుని వచ్చినవాళ్ళు ముఖం చిన్నబుచ్చుకుంటారు. ఒక గేటు, కూర్చుని తినడానికి రెండు రేకుల షెడ్లు, టేకు చెట్ల మధ్యనుంచి రెండు కిలోమీటర్ల కాలిబాట, ఆ బాట చివర గుట్ట మీద ఇనుప టవర్. అంతే. కామారెడ్డి నుంచి వచ్చేవాళ్ళు నడుస్తారు, టవరెక్కి ఫొటోలు దిగుతారు, దిగివచ్చి షెడ్లో పులిహోర తింటారు. ఫోన్ సిగ్నల్ కూడా ఆ టవర్ మీదే దొరుకుతుంది. గేటు దగ్గర చచ్చినా దొరకదు.

పూల్‌సింగ్‌కు యాభై ఏడేళ్ళు. పొడుగు మనిషి, ఎముకల మీద చర్మం తప్ప ఇంకేమీ పెట్టుకోని ఒళ్ళు. ఎడమ మోకాలు పూర్తిగా చాపలేడు, అందుకని నిలబడినా ఎక్కడికో బయల్దేరబోతున్నవాడిలా కనిపిస్తాడు. నిజానికి ఇరవై రెండేళ్ళుగా ఎక్కడికీ బయల్దేరలేదు. ఊరందరికీ సెలవైన రోజే అడవికి జనం వస్తారు, జనం వచ్చిన రోజు గేటు దగ్గర అతనుండాలి. ఆదివారాలు, పండగలు, పెళ్ళి ముహూర్తాలు అన్నీ ఈ గేటే మింగింది. ఇంకో మనిషిని ఇస్తామని ప్రతి కొత్త ఆఫీసరూ అంటాడు. తర్వాత ఆ ఆఫీసరుకు బదిలీ అవుతుంది.

ఇవాళ మాత్రం సంచిలో కొత్త ఎర్ర రుమాలు ఉంది. తలపాగాకని భార్య రుక్మిబాయి పోయిన వారం అంగట్లో కొన్నది. తండాలో ఇవాళ తీజ్ చివరి రోజు. పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో పుట్టమన్ను పోసి, గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్ళు పోసి పెంచిన మొలకలను పొద్దు గుంకకముందే వాగులో కలుపుతారు. కలిపే ముందు కొన్ని మొలకలు పీకి పెద్దవాళ్ళ తలపాగాల్లో దోపుతారు. కూతురు ప్రమీల ఎనిమిదేళ్ళుగా బుట్ట పెడుతోంది. ఎనిమిదేళ్ళూ పూల్‌సింగ్ ఇల్లు చేరేసరికి బుట్ట ఖాళీ అయ్యే ఉంది. పెళ్ళయిన పిల్ల ఇక తీజ్ బుట్ట పట్టదు. ప్రమీలకు వచ్చే ఎండాకాలం పెళ్ళి. అంటే ఇదే ఆఖరుది.

పొద్దున బయల్దేరుతుంటే ప్రమీల బండికి అడ్డం నిలబడింది.

"బా, ఈసారన్న వస్తవా?"

"వస్త బిడ్డ. సారును అడిగిన."

"ఏటా గిట్లనే అంటవు."

"ఈసారి వస్త. నా రుమాల్ల నువ్వే పెట్టాలె."

అడిగిన మాట నిజమే. ఫారెస్టు బీటు ఆఫీసరు ప్రవీణ్ కుర్రవాడు, మంచివాడు. "మూడింటి దాకా చూడు అన్నా. లోపలోళ్ళందరు బయటపడ్డంక తాళమేసి పో. పొద్దుగూకినంక నేనొచ్చి చూస్కుంట," అన్నాడు.

పదకొండింటికి కామారెడ్డి వాకర్స్ క్లబ్ వాళ్ళు బస్సులో దిగారు. వాళ్ళ కార్యదర్శి మార్కండేయ రిటైరైన లెక్కల మాస్టారు, నోటికంటే మెడలోని ఈలతో ఎక్కువ మాట్లాడతాడు. ఈల ఊది అందరినీ వరుసలో నిలబెట్టాడు. ఒకటి నుంచి లెక్కపెడితే ఇరవై ఆరుమంది. పూల్‌సింగ్ రెండో నంబరు నుంచి బిళ్ళలు చేతికిచ్చాడు. ఒకటో నంబరు ఎవరికీ ఇవ్వడు, అది తనది. లోపల ఊడ్వడానికి పోయినా, నీళ్ళ తొట్టి నింపడానికి పోయినా, ఆ బిళ్ళ తీసి జేబులో వేసుకునే పోతాడు. ప్రవీణ్ ఒకసారి నవ్వాడు కూడా.

"నువ్వు పోయేది నీకు తెల్వదా ఏంది?"

"నాకు తెలుసు సారు. మేకుకు తెల్వాలె గద."

పదిహేడో నంబరు ఒక లావుపాటి, నవ్వుముఖం ఆవిడకు వెళ్ళింది. పేరు అరుణజ్యోతి అని రిజిస్టరులో ఆవిడే రాసుకుంది. బిళ్ళను అటూ ఇటూ తిప్పి చూసి, "గిది నువ్వే చేసినవా? మస్తుంది," అంది. పూల్‌సింగ్ తర్వాతి బిళ్ళను ఇంకోసారి తువ్వాలతో తుడిచి ఇచ్చాడు. అతను చేసినవాటిని ఎవరైనా బాగున్నాయని అని చాలా కాలమైంది.

ఈ బిళ్ళల వెనక ఒక తప్పు ఉంది. నాలుగేళ్ళ క్రితం బీబీపేట నుంచి వచ్చిన ఒకాయన బాట వదిలి తునికి పండ్ల కోసం పక్కకు పోయి, రాళ్ళ మధ్య పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. తోటివాళ్ళు రెండు కార్లలో వచ్చారు. ఆ కార్లో ఉన్నాడని వీళ్ళూ, ఈ కార్లో ఉన్నాడని వాళ్ళూ అనుకుని వెళ్ళిపోయారు. గేటుకు తాళం వేసింది పూల్‌సింగ్. ఆయన తెల్లార్లూ అరుస్తూనే ఉన్నాడట. పొద్దున దొరికినప్పుడు ఆయన తిట్టలేదు, "తాళమేసిన చప్పుడు ఇనవడ్డది," అన్నాడు అంతే. ఎవరూ పూల్‌సింగ్‌ను ఏమీ అనలేదు. కానీ ఆ మాట తర్వాత అతనికి అన్నం సహించలేదు. మూడో రోజు నూనె డబ్బాలు, కత్తెర ముందేసుకుని కూర్చున్నాడు. బిళ్ళ రాకపోతే మనిషి లోపలున్నట్టే అన్నది అప్పటినుంచి అతని నియమం. పై నుంచి వచ్చిన ఆర్డరు కాదు అది, తనకు తానే వేసుకున్న ముడి.

రెండున్నరకు ఆకాశం నల్లబడి ఒక్కసారిగా వాన దిగింది. వాకర్లంతా చెప్పులు చేతబట్టుకుని పరుగున వచ్చారు. ఎవరి బిళ్ళ ఎవరు ఇచ్చారో చూసే వీలే లేదు. పూల్‌సింగ్ బకెట్ పట్టుకుని నిలబడితే అందులో టకటకా పడేసి బస్సెక్కారు. మార్కండేయ ఈల నీళ్ళు మింగి గురగురమంది. "అందరు ఎక్కిండ్రు, పోనియ్," అన్నాడు. బస్సు బురద చిమ్ముకుంటూ మలుపు తిరిగింది.

పూల్‌సింగ్ గేటు మూశాడు. ఎడమ భుజం పొద్దుటినుంచీ బరువుగా ఉంది. రాత్రి తడి చాపమీద పడుకున్నందుకేమో అనుకున్నాడు. గదిలోకి పోయి ఎర్ర రుమాలు తీసి తలకు చుట్టుకున్నాడు. చిన్న అద్దం ముక్కలో తన ముఖం చూసుకుని, ఎవరో చూసినట్టు సిగ్గుపడ్డాడు. పెళ్ళినాడు కూడా ఇంత ఎర్రది కట్టలేదు. వాన తెరిపిచ్చింది. తండా ఐదు కిలోమీటర్లు. బండి మీద పోతే పావుగంట.

బకెట్‌లోని బిళ్ళలు బోర్డుకు తగిలించడం మొదలుపెట్టాడు. పదిహేను. పదహారు. పద్దెనిమిది.

బకెట్‌లో మళ్ళీ చెయ్యి పెట్టి కెలికాడు. బోర్లించాడు. గేటు దగ్గర బురదలో వేళ్ళు పెట్టి వెతికాడు. షెడ్లలో బల్లల కింద చూశాడు. పదిహేడు లేదు.

ఆ నవ్వుముఖం ఆవిడ గేటు దాటిందా? గుర్తు చేసుకోబోయాడు. తలల మీద సంచులు, చున్నీలు కప్పుకుని పరుగెత్తిన ఇరవై ఐదు ఇరవై ఆరు ఒళ్ళు తప్ప ముఖాలు గుర్తుకు రాలేదు. మాస్టారు అందరూ ఎక్కారన్నాడు నిజమే. ఆనాడు బీబీపేట వాళ్ళూ అలాగే అన్నారు.

మూడయింది. తాళం అతని చేతిలో ఉంది.

తండాకు పోయి అక్కడినుంచే ఫోన్ చేస్తే? అక్కడ సిగ్నలుంది. వస్తున్నామని చెప్పడానికి మొన్న మాస్టారు మిస్డ్ కాల్ ఇచ్చిన నంబరుంది. ఆవిడ బస్సులో ఉంటే పీడాపోయె. ఉండకపోతే? మళ్ళీ ఇంత దూరం వచ్చేలోగా ఇంకో వాన పడుతుంది. లోపల ఒక ఆడమనిషి తాళం చప్పుడు వింటుంది. పూల్‌సింగ్‌కు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీద, మాస్టారి మీద, ఇరవై రెండేళ్ళుగా రాని రెండో మనిషి మీద, అన్నిటికంటే ఎక్కువ ఈ రేకు ముక్కలు కత్తిరించిన తన చేతుల మీద. తాళం విసిరికొట్టాలనిపించింది. విసరలేదు. దాన్ని గేటు చువ్వకు తగిలించి, బోర్డు దగ్గరికి వెళ్ళి, ఒకటో నంబరు బిళ్ళ తీసి జేబులో వేసుకున్నాడు.

"అమ్మా... ఓ అమ్మా..." అని పిలుస్తూ బాటెక్కాడు.

వాన నీళ్ళు అడుగుజాడలన్నీ కడిగేశాయి. టేకు ఆకుల మీదినుంచి చుక్కలు రాలుతున్నాయి. ప్రతి మలుపులో ఆగి పిలిచాడు, ఆగి విన్నాడు. ఒకచోట పొదల్లో కదలికైతే బాట దిగి అటు రెండడుగులు వేశాడు. కొండముచ్చు. అది అతన్నీ, అతని ఎర్ర తలపాగానూ వింతగా చూసి కొమ్మెక్కింది. బీబీపేట ఆయన పడ్డ రాళ్ళ దగ్గర మాత్రం బాట దిగి, పాకుతూ పోయి లోపలికంటా చూసి వచ్చాడు. ఎక్కేటప్పుడు ఊపిరి అందలేదు. భుజంలోని బరువు మోచేతి దాకా దిగింది. రాతి మీద కాసేపు కూర్చుంటే పోయేది గాని, కూర్చుంటే పొద్దు పోతుంది.

టవర్ కింద కూడా ఎవరూ లేరు. మెట్లు అరవై రెండు. రోజూ ఊడ్చే మెట్లే. ఇవాళ ఇరవయ్యో మెట్టు దగ్గర, నలభయ్యో మెట్టు దగ్గర, ఇంకా మధ్యలో రెండుచోట్ల ఆగాడు. పైకి చేరి ఫోన్ తీస్తే రెండు గీతలు కనిపించాయి.

మాస్టారు మూడోసారికి ఎత్తాడు. వెనక పాటలు, చప్పట్లు. పూల్‌సింగ్ సంగతి చెప్పాడు. ఈల మోగింది, పాటలాగాయి. కాసేపటికి అరుణజ్యోతి గొంతు వచ్చింది.

"అయ్యో, నా బ్యాగులనే ఉన్నదే అన్నా. మా మనవరాలికి చూపిద్దామని తీసిపెట్టిన, మళ్ళ ఇద్దామని మరిచేపోయిన. రేపు ఎల్లారెడ్డి బస్సుల కండక్టరుకిచ్చి పంపిస్త. ఏమనుకోకు."

పూల్‌సింగ్ ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు. దారిపొడుగునా అనాలనుకున్న మాటలు చాలా ఉన్నాయి. అవన్నీ ఎక్కడికి పోయాయో తెలియలేదు.

"మంచిదమ్మా," అన్నాడు చివరికి. "నువ్వు బయటున్నవు గద. గంతే కావాలె."

ఫోన్ జేబులో పెట్టుకుని కమ్మీ పట్టుకున్నాడు. అప్పుడు వినిపించింది డప్పు. వాన కడిగిన గాలిలో తండా వైపునుంచి పలచగా వస్తోంది. గుట్ట కింద పొలాలు, మక్కచేలు, వాటి అవతల వాగు వంపు. గట్టు మీద ఎర్రగా, పచ్చగా చుక్కలు కదులుతున్నాయి. ఆడపిల్లలు. బుట్టలు తలమీద పెట్టుకుని వరుసగా దిగుతున్నారు. ఎవరు ఎవరో ఇంత దూరం నుంచి తెలియదు. తన బిడ్డ ఏ చుక్కో తెలియనందుకు పూల్‌సింగ్‌కు ఏడుపొచ్చింది. ఏడ్చాడు కూడా, అక్కడ చూసేవాళ్ళెవరూ లేరు.

చూపు ఆనకపోయినా లెక్క ఆనింది. నీళ్ళలోకి దిగుతున్నవాళ్ళను ఒక్కొక్కరినే లెక్కపెట్టాడు. పదకొండు. డప్పు జోరందుకుని మళ్ళీ మెల్లగయింది. గట్టెక్కుతున్నవాళ్ళను లెక్కపెట్టాడు. తొమ్మిది. పది. కాస్త ఆలస్యంగా, గట్టు మీద ఆగి అడవి వైపు తిరిగి నిలబడిన పదకొండోది.

అందరూ బయటికొచ్చారు. పూల్‌సింగ్ ఇనుప బల్ల మీద కూర్చున్నాడు. మోకాలు వీలైనంత చాపుకున్నాడు. ఒక్క నిమిషం ఆగి దిగుదామనుకున్నాడు.

పొద్దుగూకే వేళకు ప్రవీణ్ గేటు దగ్గరికి వచ్చాడు. తాళం చువ్వకు వేలాడుతోంది. అన్న తండాకు పోతూ మరిచిపోయాడనుకుని నవ్వుకున్నాడు. తర్వాత బండి చూశాడు. బోర్డు చూశాడు. రెండు మేకులు ఖాళీగా ఉన్నాయి, పదిహేడోదీ, ఒకటోదీ. అతను నవ్వడం ఆపి బాటెంట పరుగెత్తాడు.

బల్ల మీద పూల్‌సింగ్ కమ్మీకి తల ఆనించి, వాగు వైపు ముఖం పెట్టి ఉన్నాడు. ఎర్ర రుమాలు చెదరలేదు. జేబులో బిళ్ళ ఉంది.

మర్నాడు ఎల్లారెడ్డి బస్సు కండక్టరు మట్టిదారి మొగలో దిగి, ప్రవీణ్ చేతిలో ఒక కవరు పెట్టాడు. ప్రవీణ్ పదిహేడును దాని మేకుకు తగిలించాడు. ఒకటో నంబరు తిరిగి రాలేదు. రుక్మిబాయి ఇవ్వనంది, ఆ చొక్కాతోపాటే అతనితో పోనిచ్చింది.

నాలుగో రోజు ప్రమీల ఒక్కతే నడుచుకుంటూ వచ్చింది. "మా బా కోసమని పక్కన పెట్టిన సారు. వాగుల ఏయలే," అంది. ప్రవీణ్ పక్కకు జరిగాడు. ఆమె బోర్డు ముందు కాసేపు నిలబడి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

ముప్పై తొమ్మిది బిళ్ళలు గాలికి ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగుతున్నాయి. ఒకటో మేకుకు పిడికెడు గోధుమ మొలకలు, ఎర్ర దారంతో కట్టినవి, కొసలు వడలి, వేళ్ళకు పుట్టమన్ను ఇంకా అంటుకుని వేలాడుతున్నాయి.