విప్పే క్రమం

విప్పేవాడు మొదట తీసేదాన్ని కట్టేవాడు చివర పెట్టాలి, విప్పేవాడు చివర తీసేదాన్ని కట్టేవాడు మొదట పెట్టాలి, అలా వస్తూ వస్తూ మధ్యలో ఎక్కడో ఇద్దరూ ఎదురుపడాలి, అక్కడ ఎవడు పక్కకి తప్పుకుంటాడు అనుకుంటూ సిరిల్ బార్డ్స్‌లీ రైలు పెట్టె మూడో చక్రం మీద సుత్తి వేశాడు. వేశాక తెలిసింది, శబ్దం వినలేదని.

ఆగిపోయాడు. సుత్తి వేయడం చేతి పని, వినడం వేరే పని. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ రెండూ కలిసే నడిచాయి. గత మూడు వారాల్లో మాత్రం ఇది నాలుగోసారి. వెనక్కి నడిచి మొదటి చక్రం నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. మంచి చక్రం గంటలా పలుకుతుంది. పగులున్న చక్రం తడిచెక్క మీద కొట్టినట్టు మొద్దుగా అంటుంది. ఆ తేడా వినడమే అతని ఉద్యోగం. ఇన్నేళ్ళలో పగులు దొరికింది రెండే రెండుసార్లు. మిగతా చక్రాలన్నీ క్షేమంగా వెళ్ళి క్షేమంగా తిరిగొచ్చాయి. అందులో తన ప్రమేయం ఎంత అన్నది ఎవరూ తేల్చలేరు. ఆ తేలకపోవడంలోనే అతనికి ఒక సుఖం ఉండేది.

అతనికి యాభై ఏడేళ్ళు. సన్నటి మనిషి. వినీ వినీ తల శాశ్వతంగా కుడివైపుకి వాలిపోయింది, పెళ్ళి ఫోటోలో తప్ప తక్కిన ఫోటోలన్నింటిలోనూ పక్కవాడి రహస్యం వింటున్నట్టే ఉంటాడు. ఇరుసు పెట్టెలు వేడెక్కాయేమో చూడ్డానికి ఆనించి ఆనించి ఎడమచేతి వెనక చర్మం తోలులా గట్టిపడింది. ఎప్పుడైనా ఎవరినైనా ముట్టుకోవలసి వస్తే అలవాటుగా చేతి వెనకవైపే ఆనిస్తాడు.

మార్చి నెల పొగమంచు కొండ మీంచి దిగి హాక్స్‌క్లఫ్ స్టేషను పట్టాల మధ్య కూర్చుంది. ఇది ఆఖరి శనివారం. సాయంత్రం ఆరు నలభై బండి వెళ్ళిపోయాక కొండ అవతలకి ఇక మనుషుల బండి ఉండదు. లైను మూసేస్తున్నామని లండన్ నుంచి కాగితం వచ్చి ఆరునెలలైంది. సిరిల్‌ని దిగువ యార్డులో సామాను బండ్లకి మార్చారు. అతనికి ఉద్యోగం పోలేదు, ఆదివారం పోయింది.

ఆదివారం అంటే మూరియెల్. కొండకి అవతల వైట్‌మూర్‌లో, మూర్ఛలున్నవాళ్ళ కోసం కట్టిన పొడవాటి రాతి భవనంలో, అతని కూతురు పదహారేళ్ళుగా ఉంటోంది. ఇప్పుడు ఇరవై ఏడేళ్ళది. ఆదివారం రెండింటి నుంచి నాలుగింటిదాకా చూడనిస్తారు. ఆమె ఒంటిగంటకే కోటు తొడుక్కుని గేటు కనిపించే కిటికీ దగ్గర నిలబడుతుంది. మొన్న జనవరిలో మంచు పడి బండి రాలేదు. ఆ రోజు కోటు విప్పనివ్వలేదని, బుధవారం దాకా ముద్ద ముట్టలేదని నర్సు చెప్పింది. ఆదివారాలు కొండ మీద బస్సు నడవదు.

కనక కారు కావాలి. ఇందులో ఆలోచించడానికేమీ లేదు. కొత్త కారు వాళ్ళ తాహతుకి అందదు. పెట్టెల్లో వచ్చే చిన్న కారు అందుతుంది. మూడు చెక్కపెట్టెల నిండా ముక్కలు పంపిస్తారు, కొన్నవాడే కట్టుకోవాలి. ఇందులోనూ ఆలోచించడానికేమీ లేదు. అయినా మూడు వారాలుగా సిరిల్ చొక్కా జేబులో ఆ కారు కోసం పంపాల్సిన దరఖాస్తు నాలుగు మడతల్లో చెమటకి మెత్తబడుతోంది.

పన్నెండున్నరకి సిరిల్, సిగ్నల్ నడిపే పెర్సీ ఆగ్డెన్ ఉన్న గదిలోకి మెట్లెక్కి వెళ్ళాడు. పెర్సీ లావుపాటి మనిషి, అలాంటి కారు రెండేళ్ళ కిందటే కట్టాడు. ఆ ఆకుపచ్చ బండి కింద కంచె పక్కన నిలబడి ఉంది. సోమవారం అతను పెళ్ళాంతో సహా దక్షిణానికి, పెద్ద జంక్షనుకి, అదే బండిలో వెళ్ళిపోతున్నాడు.

"రారా సిరిల్. పొయ్యి మీద టీ ఉంది. ఆఖరి టీ. ఏడ్చుకుంటూ తాగు" అన్నాడు పెర్సీ.

సిరిల్ తన రొట్టె పొట్లం విప్పాడు. చీజు, ఉల్లిపాయ. శనివారం ఎప్పుడూ అదే.

"రాశావా?"

"లేదు."

"ఒరేయ్, నేను కారు కట్టుకున్న షెడ్డు తాళంచెవి బొగ్గుల టెడ్ అడుగుతున్నాడు. నువ్వు రాస్తానంటే నీకిస్తా. జూన్ దాకా అద్దె కట్టేశాను. ఇవాళ తేల్చు. నేనేం నీ అత్తగారిని కాను, చుట్టూ తిరిగి బతిమాలడానికి."

సిరిల్ కాగితం తీశాడు. కంపెనీవాళ్ళు దరఖాస్తుతోపాటు ఇంకో కాగితం పంపారు. పైన 'బండిని విప్పే క్రమం' అని ఉంది. ఒకటి నుంచి నూట పన్నెండు దాకా అంకెలు. కట్టే క్రమం ఎక్కడా లేదు.

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు? ఎలా కట్టాలో రాసిస్తే అది కారు లెక్క, దానికి సర్కారు పన్ను. ఎలా విప్పాలో రాసిస్తే అది ఇనప సామాను, పన్ను లేదు. కాబట్టి వాడు విప్పడం చెప్తాడు, నువ్వు కింద నుంచి పైకి చదువుకుంటావు. దొరలందరికీ తెలుసు. అందరూ ఎరగనట్టే ఉంటారు. ఇంగ్లండు నడిచేదే అలా."

"ఎనభై మూడు చూడు" అన్నాడు సిరిల్. "చక్రం నట్లు నాలుగూ వదులు చేసి తీయవలెను. అంతే ఉంది."

"అంటే నాలుగూ పెట్టి బిగించవలెను."

"ఎంత?"

"ఏంటి ఎంత?"

"ఎంత బిగించాలి? విప్పేవాడికి అది చెప్పక్కర్లేదు. ఎంత బిగువుంటే అంత విప్పుతాడు. కట్టేవాడికి తెలియాలిగా."

పెర్సీ రొట్టె నమలడం ఆపి అతని కేసి చూశాడు. "ఊడిపోనంత."

"ఊడిపోయేదాకా అది ఎలా తెలుస్తుంది?"

"నీతో వేగలేను బాబూ" అని పెర్సీ పెద్దగా నవ్వాడు. "నాకు మొత్తం కట్టాక రెండు వాషర్లు మిగిలాయి తెలుసా? తొమ్మిదివేల మైళ్ళు తిరిగాను. ఆ రెండూ కంపెనీవాడు ముచ్చటపడి నాకు కానుకగా పంపాడనుకుంటా. యుద్ధంలో లారీ నడిపావు కదరా, అప్పుడు లేదా భయం?"

"దాన్ని వేరేవాళ్ళు కట్టారు."

సిరిల్ కిటికీలోంచి కింద ఆ ఆకుపచ్చ బండి వైపు చూశాడు. మిగిలిన వస్తువు మనకి కనబడుతుంది. అది ఉండవలసిన చోటు కనబడదు. అక్కడ, లోపల, చీకట్లో, ఏదో ఒకటి కొంచెం కొంచెంగా కదులుతూ ఉంటుంది. ఎవడో ఒకడు నవ్వుతూ దాని మీద కూర్చుని పోతుంటాడు.

దరఖాస్తు అడుగున ఒక వాక్యం ఉంది. 'ఈ సామానును నేను స్వయంగా, ఇతరుల చేత కాకుండా, కట్టుకొందునని ఇందుమూలముగా తెలియజేయుచున్నాను.' దాని కింద సంతకానికి గీత. మూడు వారాలుగా అతను తక్కినవన్నీ నింపాడు. పేరు, ఊరు, స్టేషను, రంగు. రంగు దగ్గర భార్య హిల్డా చెప్పినట్టు నీలం అని రాశాడు. ఆ గీత దగ్గర చెయ్యి ఆగిపోతోంది.

ఎందుకంటే అతను స్వయంగా బిగించిన చక్రం ఒకటి ఉంది.

మూరియెల్ ఎనిమిది నెలల పిల్లగా ఉన్నప్పుడు పాత పిల్లబండి ఒకటి తెచ్చి, ఇరుసు తోమి, చక్రాలెక్కించి, అవి జారిపోకుండా ఇరుసు కొసన సీలలు దిగ్గొట్టాడు. ఒక మంగళవారం హిల్డా ఆ బండి తోసుకుంటూ మిల్లు వీధి దిగుతుండగా ముందు చక్రం ఊడింది. పిల్ల రాళ్ళ మీద పడింది. నుదుటి మీద చిన్న గాయం, పది రోజుల్లో మానిపోయింది. మూడో ఏట మూర్ఛలు మొదలయ్యాయి. ఆ రెంటికీ సంబంధం లేదని ఒక డాక్టరు చెప్పాడు, ఉండొచ్చు ఉండకపోవచ్చని ఇంకొకడు చెప్పాడు. ఆ సాయంత్రం సిరిల్ వీధంతా మోకాళ్ళ మీద పాకుతూ వెతికాడు. చక్రం దొరికింది, సీల దొరకలేదు. దొరికి ఉంటే అది విరిగిందో, వంగిందో, తను సరిగ్గా దిగ్గొట్టలేదో తెలిసేది. హిల్డా ఏమీ అనలేదు. ఆ రోజే కాదు, ఎన్నడూ అనలేదు. ఆమె ఒక్కసారి తిట్టి ఉంటే దానికొక హద్దు ఏర్పడేది. అనకపోవడం వల్ల అది ఇంట్లో అన్ని గదుల్లోకీ వ్యాపించింది. ఆ తర్వాత అతను ఒక అలమర కూడా కట్టలేదు. ఇంట్లో మేకు కొట్టాలన్నా పక్కింటివాణ్ణి పిలిచేవాడు. ఇతరులు కట్టినవాటిలో పగుళ్ళు వినడం మాత్రం చేశాడు.

ఇప్పుడు మళ్ళీ చక్రాలు బిగించమంటున్నారు. మంచి రోజు చూసి మూరియెల్‌ని ఇంటికి తీసుకురావచ్చని, వెనక సీట్లో పడుకోబెట్టొచ్చని హిల్డా ఇప్పటికే లెక్క వేసుకుంటోంది.

"సాయంత్రం చెప్తాను" అన్నాడు పెర్సీతో.

"బండి వెళ్ళాక ఇంటికి పోయి రాసుకో. తాళం మీ గుమ్మంలోంచి లోపలికి పడేసి పోతా. రాయకపోతే రేపు పొద్దున టెడ్‌కిచ్చెయ్. రేపు మటుకు నిన్నూ హిల్డానీ వైట్‌మూర్ నేనే తీసుకెళ్తా. ఊడితే అందరం కలిసే ఊడదాం."

ఆరున్నరకి సిరిల్ ఆఖరి బండి చక్రాలన్నీ చూశాడు. రెండుసార్లు చూశాడు. ప్లాట్‌ఫారం మీద పదిమంది దాకా ఉన్నారు. ఎవరో ముసలావిడ ఇంజను ముందు కాగితపు పూల దండ కట్టింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఏం సిరిల్, పాస్ చేశావా?" అన్నాడు. "మంచిదే" అన్నాడు సిరిల్, రోజూ అన్నట్టే. సిగ్నల్ రెక్క వాలింది. బండి కూత పెట్టకుండా కదిలింది. అతను తల వాల్చి విన్నాడు. కొండ మలుపు దగ్గర చక్రాల చప్పుడు కొంచెం కొంచెంగా పొగమంచులో కలిసి, ఇక వినబడుతోందో తను అనుకుంటున్నాడో తెలియని దశకి వచ్చి, అక్కడే ఉండిపోయింది. జనం ఇళ్ళకి పోయారు.

అతను ఇంటికి వచ్చేసరికి హిల్డా వంటింటి బల్ల దగ్గర బంగాళాదుంపలు చెక్కుతోంది. ఇరవై రెండేళ్ళు మగ్గాల మధ్య పనిచేసి చెవులు పోగొట్టుకున్న మనిషి. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టుకుంటుంది. అందుకే సిరిల్ ఎప్పుడూ ఆమెకి ఎదురుగా కూర్చుని మాట్లాడతాడు.

"తాళం పడేసి పోయాడు పెర్సీ" అంది, గడప దగ్గర ఉన్న దాన్ని కత్తితో చూపిస్తూ. "అంటే నువ్వు రాస్తున్నట్టేనా?"

అతను దరఖాస్తు తీసి బల్ల మీద పరిచాడు. కలం మూత తీశాడు. గీత మీద పెట్టాడు. చెయ్యి కదల్లేదు.

"నా వల్ల కాదు" అన్నాడు.

"ఎందుక్కాదు?"

"దాన్ని మళ్ళీ నేను బిగించిన చక్రాల మీద కూర్చోబెట్టమంటావా?"

ఇరవయ్యారేళ్ళలో అతను ఆ మాట అనడం అదే మొదటిసారి. హిల్డా అతని పెదవుల వైపు చూస్తూనే ఉంది, మాట అయిపోయాక కూడా. కత్తి కింద పెట్టింది. దుంప కింద పెట్టింది. తర్వాత మాట్లాడింది, కాని గొంతుతో కాదు. మగ్గాల హోరులో ఆడవాళ్ళు మాట్లాడుకునేటట్టు, నోరు పెద్దగా తెరిచి, ఒక్కో మాటనీ పెదవులతో విడదీసి, చప్పుడు లేకుండా. ఆ భాషలో ఆమె మిల్లు స్నేహితురాళ్ళతో నవ్వడం అతను చాలాసార్లు చూశాడు. తనతో మాట్లాడటం ఎప్పుడూ చూడలేదు. చెవులు ఇక్కడ పనికిరావు. వంగి చూశాడు.

'నువ్వు బిగించింది ఊడలేదు. ఆ పొద్దున చక్రం నేనే తీశాను. బురదయింది, కడిగాను. మళ్ళీ పెట్టాను. సీల కిటికీ గట్టు మీద పెట్టి మర్చిపోయాను.'

"కిటికీ గట్టు మీద?" అన్నాడు సిరిల్.

'నువ్వు వీధిలో వెతుకుతున్నప్పుడు అది నా ఏప్రన్ జేబులో ఉంది. మర్నాడు కాలువలో పారేశాను.'

"చెప్పలేదేం?"

'నువ్వు అడగలేదు. తర్వాత, తప్పు నీదే అనుకుంటున్నావని తెలిసింది. ఇక అప్పుడు చెప్పే ధైర్యం రాలేదు.'

సిరిల్ కోపం కోసం చూశాడు. రాలేదు. తేలిక పడతానేమో అని చూశాడు. అదీ రాలేదు. ఇరవయ్యారేళ్ళుగా భయం కూర్చున్న పీటని ఎవరో లాగేశారు, భయం మాత్రం పడకుండా గాలిలో అలాగే కూర్చుని ఉంది. దానికి కారణం లేదు, సీల లేదు, మంగళవారం లేదు. దాని బతుకు అది బతుకుతోంది. ఇన్నాళ్ళూ తను దానికి చోటు అద్దెకిచ్చాడు, అంతే.

ఎదురుగా హిల్డా చేతులు తడిగా బల్ల మీద ఉన్నాయి. కారు కావాలని ఆర్నెల్లుగా పోరుతున్నది ఈ మనిషే. నీలం రంగు అన్నది, వెనక సీటు అన్నది ఈ మనిషే, సీల మర్చిపోయిన ఈ చేతులు పెట్టుకుని. అంటే తనకన్నా ఎక్కువ భయపడుతూ అడిగింది.

"హిల్డా" అన్నాడు, ఆమెకి కనబడేటట్టు. "నువ్వు బిగించు. నేను వింటాను. నేను బిగించినప్పుడు నువ్వు చూడు."

"మళ్ళీ ఊడితే?" ఈసారి గొంతు వచ్చింది, చిన్నగా.

"ఊడొచ్చు" అన్నాడు. అబద్ధం చెప్పడానికి అతనికి ఏమీ తోచలేదు.

కాగితాన్ని తన వైపు తిప్పుకున్నాడు. 'నేను స్వయంగా, ఇతరుల చేత కాకుండా' అన్న చోట 'నేను' అన్న మాటని అడ్డంగా కొట్టేసి, దాని నెత్తిన చిన్న అక్షరాలతో 'మేము' అని రాశాడు. కంపెనీవాళ్ళు ఒప్పుకుంటారో లేదో తెలియదు. సంతకం పెట్టి కలం ఆమె వైపు తోశాడు. హిల్డా చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుని, కలం అందుకుంది.

బల్ల మీద ఆమె వదిలేసిన దుంప, సగం చెక్కుతో, సగం లేకుండా, గాలికి మెల్లగా నల్లబడుతోంది.