చిలుకపిల్లకు ఇల్లుచూపులు

కోస్గిలో గేటంటే వీరేశం, వీరేశమంటే గేటు. ఈ మాట ఊరు అన్నదో లేదో గానీ వీరేశం మాత్రం రోజుకోసారైనా అనేవాడు. బస్టాండు నుంచి సంత దాకా నడిచినంత సేపూ, "గిది నాదే, గదీ నాదే, గా బంగ్లది గూడ నాదే" అని వేలు పెట్టి చూపించేవాడు. పక్కన నడిచేవాళ్లకు అటూ ఇటూ తిప్పి తిప్పి మెడ పట్టేసేది. అయినా ఆ గర్వాన్ని తప్పు పట్టడానికి మనసు రాదు. వాళ్ల నాయిన మారయ్య ఒకరింట్లో జీతమున్న మనిషి. బతుకంతా పరాయివాళ్ల గేట్లు తీయడం, వేయడమే ఆయన పని. సొంత గుడిసెకు మాత్రం సరైన తలుపు ఉండేది కాదు. ఆయన కొడుకు ఊరందరికీ గేట్లు చేసిపెట్టేవాడయ్యాడు. ఆ మాత్రం మీసం తిప్పితే ఎవరి సొమ్ము పోయింది?

అతని గేటును ఎక్కడున్నా పోల్చుకోవచ్చు. పైన బాణం మొనలుంటాయి, నడుమ పెద్ద పువ్వుంటుంది, ఆ మొత్తం మీద ఎండలో కళ్లు చెదిరే వెండి రంగుంటుంది. రంగు పడనిదే ఏ వస్తువూ అతని షాపు దాటదు. దాటిందా, ఇక దాని వైపు మళ్లీ చూడడు. "వీరేశం ఒకపారి జేసిండంటే మల్ల ముట్టుడు లేదు" అనేది అతని సొంత గొప్పల్లో అన్నిటికన్నా పెద్దది.

అతనికి ఒక్కతే బిడ్డ, గ్లోరీ. సర్కారు దవాఖానలో ల్యాబు టెక్నీషియను. చిన్నప్పటి నుంచి ఇది కావాలి, అది కావాలి అని నోరు తెరిచి అడిగిన పిల్ల కాదు. అట్లాంటిది ఒకనాడు అన్నాల దగ్గర కూర్చుని, "నాయినా, నేనొక చిలుకపిల్లను దెచ్చుకుంట" అన్నది.

"చిలుకనా? మన జామచెట్టు మీద మస్తుగ వాల్తయి గద" అన్నాడు వీరేశం.

"గవి పెంచుకునుడు తప్పు నాయినా, కేసైతది. గిది వేరే. ఆఫ్రికా చిలుక. పాలమూర్ల పక్షులు పెంచి అమ్మే జానీ అంకుల్ తాన పుట్టింది, కాయితాలు గూడ ఉన్నయి." ఫోనులో బొమ్మ చూపించింది.

తల్లి అమృతమ్మ తొంగి చూసింది. ఒళ్లంతా బూడిద రంగు, తోక ఒక్కటే ఎర్రగా మండుతున్నది. "ఓ ఏసయ్యా, గిదేం చిలుకనే? పొయ్యిల పొర్లాడి వచ్చినట్టున్నది!"

గ్లోరీ నవ్వింది. ఆదివారం ప్రార్థన అయిపోగానే పాలమూరు బస్సెక్కి పోతున్నది ఇందుకేనని అప్పుడు తెలిసింది. ఆ పిల్ల ఇంకా గింజలు తినడం లేదు. గోరువెచ్చని పిండి జావ చెంచాతో పట్టాలి. గ్లోరీ పడుతుంటే కళ్లు మూసుకుని, మెడ సాచి తాగుతుందట. మనుషులంత కాలం బతుకుతుందట. "నా పిల్లల పెండ్లిళ్లకు గూడ ఉంటది నాయినా" అంటున్న బిడ్డ మొహం చూసి వీరేశం కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

"పంజరం నేను జేస్త" అన్నాడు.

"ఫోన్ల ఆర్డరిస్తే ఇంటికే వస్తది..."

"కొన్న పంజరమా? వీరేశం ఇంట్ల?"

ఆ మాటతో ఇంట్లో పని మొదలైంది. నడిమి గదిలో గాలి బాగా ఆడుతుందని చిలుకకు అదే ఖాయం చేశారు. ఫ్యాను రెక్కలకు తగులుతుందని గ్లోరీ ఫ్యాను స్విచ్చు మీద పట్టీ అతికించింది. దోమల బత్తీలు బందయినవి. అమృతమ్మకు అన్నిటికంటే కష్టమైంది దోసె పెనం. నల్లటి పూత పెనం, అంటుకోకుండా దోసెలు వచ్చేది, తమ్ముడు పెట్టిన సారె. మాడితే దాని పొగ చిలుకల ప్రాణం తీస్తుందని గ్లోరీ చెప్పింది. అమృతమ్మ ఆ పెనాన్ని పక్కింటి గుర్వమ్మకు ఇచ్చి, ఇంటికొచ్చి, పాత ఇనుప పెనాన్ని బయటికి తీసి దాంతో కాసేపు పోట్లాడింది.

వీరేశం మాత్రం షాపులో తెర కట్టుకుని పని చేశాడు. ఎవరినీ చూడనివ్వలేదు.

పక్షిని ఇచ్చే ముందు ఇల్లు చూస్తానని జానీ కబురు పంపాడు. "పిల్లనిచ్చెటోడు ఇల్లు సూడకుంట ఎట్లిస్తడు?" అన్నాడట. దాంతో అమృతమ్మ నిజంగానే పెండ్లివాళ్లు వస్తున్నట్టు ఇల్లు కడిగి, నాటుకోడి కూర వండి, బగారన్నం దించింది. జానీ వచ్చాడు. తెల్లగడ్డం, మెల్లగా మాట్లాడే మనిషి. గది చూశాడు, కిటికీ చూశాడు, పొయ్యి దగ్గరికి పోయి గిన్నెలు కూడా చూశాడు. అన్నిటికీ తల ఊపాడు. అప్పుడు వీరేశం పంజరం మీది దుప్పటి లాగాడు.

గదిలోకి ఇంకో సూర్యుడు వచ్చినట్టయింది. మనిషెత్తు పంజరం. ముందర రెండు రెక్కల తలుపు, తలుపు నడుమ పువ్వు, చుట్టూ జింకు పూత పూసిన కొత్త జీఐ జాలి, పైన వరుసగా బాణం మొనలు, అంతటా వెండి రంగు. గుమ్మంలో నిలబడ్డ గుర్వమ్మ "అబ్బబ్బ" అన్నది. వీరేశం ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

జానీ దాని చుట్టూ తిరిగాడు. గోటితో రంగు గీకి చూశాడు. "పని మస్తున్నదన్నా. గేటైతే నేనే కొనుకపోతుంటి. గని గీ బాణాలు ఎవలి కోసం? చిలుకను ఎత్కపోనీకె దొంగలొస్తరా?"

గుర్వమ్మ కిసుక్కున నవ్వింది. జానీ నవ్వలేదు.

"చిన్నపిల్లలు బొమ్మను నోట్లె వెట్టుకున్నట్టు గీ చిలుక కనవడ్డదల్లా కొర్కుతది. గీ జాలి మీది పూత, గీ రంగు, ఇంతింత కడుపులకు వోతే ఇసమెక్కి సస్తది. తప్పువట్టకన్నా, గీ పంజరానికి నేను పిల్లనియ్య."

అమృతమ్మే తేరుకుని, "సరే అన్నా, ముందుగాల అన్నం తిను" అన్నది.

"మాట ఖాయం గానింట్ల అన్నం తింటారమ్మా? తినకపోవుడు మీ తాన రివాజే గద" అని జానీ మంచినీళ్లు మాత్రం తాగాడు. పోతూ పోతూ గ్లోరీ వైపు చూసి, "స్టీలుది గావాలె బిడ్డా. రంగుండద్దు, అతుకులు నున్నగుండాలె. పిల్ల జావ మాని గింజలు పట్టేదాంక ఆగుత. గప్పటికి గాకుంటే హైదరాబాదోళ్లు అడుగుతున్నరు, వాళ్లకిస్త" అన్నాడు.

నాటుకోడి కూర ఆ రోజు ఎవరికీ రుచించలేదు. వీరేశం మండిపడ్డాడు. పక్షులమ్ముకునేవాడికి ఇనుము సంగతేం తెలుసునన్నాడు. తన గేట్లు వానకు తడిసి ఎండకు ఎండి ఇంకా ఎట్లున్నాయో పోయి చూసుకోమన్నాడు. అరిచి అరిచి ఆగాక, గ్లోరీ నెమ్మదిగా, "పోనీ తియ్యి నాయినా. నువ్వింత కష్టపడి జేసినవ్. చిలుక లేకుంటేంది?" అన్నది.

ఆ మాట అతనికి జానీ మాటకన్నా లోతుగా దిగింది. ఎన్నడూ ఏమీ అడగని బిడ్డ ఒక్కటి అడిగి, అతని పేరు నిలబెట్టడానికి అది కూడా వదులుకుంటున్నది. తెల్లవారి వాడకట్టంతా చూస్తుండగానే వీరేశం పంజరాన్ని వాకిట్లోకి లాగి గ్రైండరుతో ముక్కలు ముక్కలుగా కోశాడు. బాణం మొనలు ఒక్కొక్కటీ టింగుమని రాలాయి. అతని కండ్లలో నీళ్లు తిరిగాయి. నిప్పురవ్వలు పడ్డాయని చెప్పుకున్నాడు.

అయితే సన్నని స్టీలు కడ్డీలు అతని మాట వినలేదు. అతని మిషనుకు తెలిసింది ఇనుమే. వెల్డింగు రాడ్డు పెడితే కడ్డీకి చిల్లు పడేది, లేకపోతే గడ్డలు కట్టేది. దానికి గ్యాసు ఆసరాతో సన్నగా అతికించే ఆర్గాన్ వెల్డింగ్ కావాలి. అది బాగా వచ్చినవాడు అతనికి తెలిసి ఒక్కడే ఉన్నాడు, పాలమూరులో, గోపీకృష్ణ.

గోపీకృష్ణ ఒకప్పుడు వీరేశం షాపులోనే పని నేర్చుకున్నాడు. "ఉస్తాద్, రేపు రేపు అందరు స్టీలే అడుగుతరు, ఆర్గాన్ మిషన్ కొందం" అని వెంటపడితే, "గిన్నెల స్టీలుతోని గేట్లు జేస్తార్రా?" అని వీరేశం నలుగురిలో ఎగతాళి చేశాడు. ఆ పిల్లవాడు చిన్నబుచ్చుకుని పాలమూరు పోయి సొంత షాపు పెట్టుకున్నాడు. షాపు తెరిచేనాడు రమ్మని ఇంటికొచ్చి పిలిచినా వీరేశం పోలేదు. ఇప్పుడు బస్సు దిగి ఆ షాపు దాకా నడుస్తుంటే, ఆ కొంచెం దూరమే కోస్గి నుంచి వచ్చినంత దూరమనిపించింది.

గోపీకృష్ణ అతన్ని చూసి చేతిలోది కింద పెట్టి పరుగున వచ్చాడు. సంగతి విని, "గింతదానికి మీరొచ్చుడేంది ఉస్తాద్? మీరు కూసోండ్రి, నేను జేసిస్త" అన్నాడు.

"వద్దు. నా బిడ్డ అడిగింది. నేనే జెయ్యాలె" అన్నాడు వీరేశం. గొంతు సవరించుకున్నాడు. "నువ్వు నాకు నేర్పు."

గోపీకృష్ణ తన కుర్చీలో ఉన్న మెత్త తీసి స్టూలు మీద వేశాడు, కొత్త చేతితొడుగులు తెచ్చిచ్చాడు.

వీరేశం షాపు మూసిన ప్రతిరోజూ పాలమూరులోనే కనిపించేవాడు. ఇనుముతో అలవాటైన చెయ్యి బలంగా నొక్కేది, తొందరగా లాగేది. అతుకులు మొదట్లో కోడిరెట్టల్లా పడ్డాయి. కుర్ర పనివాళ్లు మొహాలు పక్కకు తిప్పుకుని నవ్వేవాళ్లు. "ఉరకకుండ్రి ఉస్తాద్. నొక్కుడు గాదు, దీపం ఆరిపోకుంట పట్టుకున్నట్టు పట్టుకోండ్రి" అని గోపీకృష్ణ అతని మణికట్టు కింద తన చెయ్యి ఆనించి చూపించేవాడు. ఒకప్పుడు ఆ చేతినే తను అట్లా పట్టుకుని నేర్పించాడు. వీరేశానికి సిగ్గు వేసింది, దాని వెంటనే చెప్పలేనంత ముచ్చట కూడా వేసింది. ఈ పిల్లవాడు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. తనైతే ఈపాటికి ఎన్ని తిట్లు తిట్టేవాడో.

పంజరం గోపీకృష్ణ మిషను మీదే తయారై ఇంటికొచ్చింది. పువ్వు లేదు, బాణాలు లేవు. నిలువు కడ్డీలు, వెడల్పు తలుపు, కింద జారే పళ్లెం. పిల్ల పడినా దెబ్బ తగలకుండా కొమ్మలు కిందనే పెట్టాడు. పాదాలకు రకరకాలుగా పట్టు దొరకాలని జామ కొమ్మలు సన్నవీ లావువీ ఏరి, కడిగి, ఎండబెట్టి బిగించాడు. అంతా అయ్యాక అలవాటు కొద్దీ చెయ్యి వెండి రంగు డబ్బా మీదికి పోయింది. "నాయినా!" అన్నది గ్లోరీ. అతను డబ్బాను గోడ అవతలికి విసిరేశాడు.

జానీ ఈసారి పిల్లను బుట్టలో పెట్టుకుని వచ్చాడు. బుట్టలోంచి ఒక ముక్కు, ఒక కన్ను కనిపిస్తున్నాయి. గ్లోరీ గొంతు వినగానే లోపల గడబిడ మొదలైంది. "పంజరం బాగుంటే ఇడిసిపోత. లేకుంటే గిట్లనే వాపస్" అన్నాడు జానీ. జేబులోంచి దూది తీసి ఒక్కొక్క అతుకు మీదా రాశాడు. ఎక్కడా దూది పోగు చిక్కుకోలేదు. తలుపు చూశాడు, గొళ్లెం చూశాడు. వంగిన నడుము మెల్లగా నిటారు చేసి, సరేనన్నట్టు నోరు తెరవబోయాడు.

"ఆగు జానీ భాయ్" అన్నాడు వీరేశం.

గ్లోరీ ఉలిక్కిపడి తండ్రి వైపు చూసింది.

"పళ్లెం ఎనుక మూలన ఒక అతుకున్నది. నువ్వు సూడలే. గక్కడ జర గరుకున్నది. పొద్దుగాల జూసిన. నీ చెయ్యి అందదనుకున్న." వీరేశం నుదురు తుడుచుకున్నాడు. "నీ చెయ్యి అందకున్నా గా పిల్ల ముక్కు అందుతది గద."

జానీ మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి పోనిచ్చాడు. దూది పోగు చిక్కుకుంది. బుట్ట ఎక్కడ వెనక్కి తీసుకుంటాడో అని గ్లోరీ దాన్ని గుండెకు హత్తుకున్నది. వీరేశం పంజరాన్ని వాకిట్లోకి మోసుకుపోయి, బోర్లించి, ఆ మూలను అరగదీశాడు. తన వేలితో తడిమాడు, తృప్తి కలగలేదు, మళ్లీ అరగదీశాడు. శుభ్రంగా తుడిచి లోపలికి తెచ్చాక జానీ మళ్లీ దూది రాశాడు. ఈసారి అది జారిపోయింది.

జానీ లేచి చేతులు దులుపుకున్నాడు. "అమృతమ్మా, ఏం వండినవ్? ఆకలైతున్నది" అన్నాడు.

అమృతమ్మకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమైనాక వంటింట్లోకి ఉరికింది. గ్లోరీ ఏడుస్తూ నవ్వుతూ బుట్ట మూత తీసింది. బూడిద రంగు పిల్ల ఆమె వేలు పట్టుకుని పంజరంలోకి దిగింది. దిగిందో లేదో తనిఖీ మొదలుపెట్టింది. ఒక అతుకు కొరికి చూసింది, ఇంకోటి కొరికి చూసింది, ముక్కుతో కడ్డీ పట్టుకుని వేలాడింది. ఏదీ ఊడిరాకపోయేసరికి జామకొమ్మ మీద కూర్చుని, ఈకలు ఉబ్బించి, ఒక కాలు పొట్టలోకి ముడుచుకుంది.

"కాలు ముడ్సిందంటే ఇల్లు పసందైనట్టే" అన్నాడు జానీ.

అప్పటికి గుమ్మం నిండా వాడకట్టు జనం. అందరికన్నా ముందు గుర్వమ్మ ఉన్నది. "ఎంత ముద్దుగ జేసినవ్ వీరేశం! గిసొంటి పని నీకు దప్ప ఇంకెవలికొస్తది?"

అందరూ అతని గొప్పలు వినడానికి సిద్ధపడి నిలబడ్డారు. అమృతమ్మ గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. వీరేశం పంజరం వైపు చూశాడు. మీసం మీద చెయ్యి వేశాడు. ఛాతీ పొంగింది.

"నాకు రాకుండెనక్కా. పాలమూర్ల గోపీకృష్ణ నేర్పిండు" అన్నాడు. అది చాలలేదనిపించి, సంత దాకా వినపడాలన్నట్టు గొంతు పెంచాడు. "నా తాన పని నేర్సిన పిలగాడే. నాకంటే మంచి పనోడు!"