ఒంటిచేతి కత్తి

తాండూరు బజారులో మల్లేశ్వర్ దుకాణం ముందు నవనీత ఫోన్‌లో సెకన్లు లెక్కపెట్టే గడియారం తెరిచి నిలబడింది. బల్ల మీద మూడు మడత కత్తులున్నాయి. బల్లకు అటు మల్లేశ్వర్, ఇటు ఆమె తండ్రి భీమప్ప. మేకులు కొనడానికి వచ్చిన ఇద్దరు వచ్చిన పని మరిచి చోద్యం చూస్తున్నారు. కత్తి కొనడానికొచ్చి పరుగుపందెం పెట్టినట్టు టైము చూసే ఆడపిల్లను వాళ్ళు ఎక్కడా చూసి ఉండరు. చూస్తే చూడనీ, నవనీతకు సిగ్గుపడే తీరిక లేదు. తెల్లవారితే తండ్రి గొర్రెలు ఉంటాయో పోతాయో తేలిపోతుంది.

ఏడాదిన్నర కిందట నాపరాళ్ళ లోడు దించుతుంటే భీమప్ప ఎడమచేతి మీద బండ పడింది. వేళ్ళు మిగిలాయి గాని మడతపడవు. ఆ చెయ్యి దేనికైనా ఆన్చడానికి పనికొస్తుంది తప్ప పట్టుకోవడానికి రాదు. అయినా అతను మంద మానలేదు. మర్పల్లి పక్కన వాళ్ళ ఊళ్ళో నాలుగిళ్ళ గొర్రెలు కలిసి ఒకే మందగా తిరుగుతాయి. ఆ మంద పెద్ద బాలప్ప అనే కాపరి. పంట కోసిన చేలల్లో ఎరువు కోసం రైతులు మందను నిలుపుకుంటారు. రాత్రి చుట్టూ నైలాను వల కడతారు, పొద్దున విప్పుతారు. ఆ విప్పే వేళే ప్రమాదం. బయటి గడ్డి మీద ఆశ కొద్దీ ఏదో ఒక గొర్రె వల కన్నంలో తల దూరుస్తుంది, గింజుకునే కొద్దీ తాడు మెడకు బిగుస్తుంది.

అప్పుడు కాపరి దాన్ని మోకాళ్ళ మధ్య అదిమిపట్టి, కత్తి తెరిచి, తాడు కోసి, కత్తి మడిచి, ఆ తర్వాతే మెడలోంచి తాడు లాగాలి. మడవకుండా చెయ్యి పెడితే బెదిరిన జీవం తన్నుకులాటలో కత్తి ఎవరి కడుపులోనైనా దిగుతుంది. కింద పడేస్తే అన్ని గిట్టల మధ్య మళ్ళీ దొరకదు. అందుకని తెరవడం ఎంత తొందరగా కావాలో మూయడమూ అంతే తొందరగా కావాలి.

భీమప్ప పాత కత్తి గోటితో లాగి తెరిచేది, అంటే రెండు చేతుల కత్తి. పోయిన నెల అతను దాన్ని తొడకు రాసి రాసి తెరిచేలోపు బాలప్ప సూడి గొర్రె కళ్ళు తేలేసింది. బాలప్ప తిట్టలేదు. తిట్టినా భీమప్ప ప్రాణం కుదుటపడేది. వారం ఆగి ఇంటికొచ్చి, నీ ముప్పై జీవాలు అమ్మేసుకో, లేదంటే వేరుగా కాసుకో అన్నాడు. ఒంటిచేతి మనిషి ముప్పై గొర్రెలు వేరుగా కాయడమంటే అయ్యే పని కాదు. మర్యాదగా ఇంట్లో కూర్చోమనడమే అది. భీమప్ప ఎన్నడూ ఎవరినీ బతిమాలని మనిషి, ఆ రోజు బతిమాలాడు. చివరికి గురువారం పొద్దున వల దగ్గర ఒక్కడే నిలబడాలని, ఎవరూ చెయ్యి వెయ్యరని, నెగ్గితే మందలో ఉండొచ్చని బాలప్ప ఒప్పుకున్నాడు.

ఆ సంగతి తెలిసి నవనీత వికారాబాద్‌లో తాను ఫోన్లు బాగుచేసే దుకాణానికి సెలవు పెట్టింది. తండ్రిని రైలెక్కించి తాండూరు తీసుకొచ్చింది. ఒక్కో కత్తిని పదేసి సార్లు తెరిపించి మూయించింది.

మొదటిదాని మీట పిడి వీపు మీద ఉంది. బొటనవేలితో తెరవడం బాగానే కుదిరింది, రెండు సెకన్లు. మూయాలంటే మాత్రం వీపు నొక్కిపట్టి బ్లేడును దేనికైనా ఆనించి మడవాలి. ఎంత చేసినా ఏడు సెకన్లకు తగ్గలేదు. రెండోది బటన్ కత్తి. నొక్కితే తెరుచుకుంది, నొక్కితే మడతపడింది, రెండూ కలిపి రెండు సెకన్లు కూడా పట్టలేదు. భీమప్ప ముఖం వెలిగిపోయింది. నవనీత వంగి చెప్పుల కింది దుమ్ము చిటికెడు తీసి బటన్ పక్కన రాల్చింది. మల్లేశ్వర్ అరె అరె అంటూనే ఉన్నాడు, మూడోసారికి బటన్ సగంలో ఇరుక్కుపోయింది. మంద నిండా దుమ్మే గదా అందామె.

మూడోదానికి పిడి లోపల పల్చటి రేకు ఉంది. బ్లేడు పూర్తిగా తెరుచుకోగానే ఆ రేకు టక్కున పక్కకొచ్చి దాని వెనక అడ్డం నిలుస్తుంది. బొటనవేలితో రేకును తోస్తే బ్లేడు మడతపడుతుంది. తెరవడం సెకనున్నర, మూయడం రెండు. దుమ్ము వేసినా ఆగలేదు. ఆ టక్ వినబడితేనే పని మొదలుపెట్టాలని, లేదంటే బ్లేడు వేళ్ళ మీదికే మడుచుకుంటుందని మల్లేశ్వర్ ఒకటికి రెండుసార్లు చెప్పాడు. భీమప్ప దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మరీ విన్నాడు. దాన్నే కొన్నారు.

సాయంత్రం ఇంటికొచ్చాక నవనీత ఒక పని చేసింది. కొత్త ఇనుము మందలోకి పోయే ముందు దానికి గొర్రె కొవ్వు పట్టించడం వాళ్ళ ఇళ్ళలో పద్ధతి. తుప్పు పట్టదు, మడత బిగుసుకుపోదు. తాత చేశాడు, తండ్రి చేశాడు. ఈసారి నాయిన చేతికి శ్రమ ఎందుకని తనే గరిటెలో కొవ్వు కరిగించి మడతలో, పిడి లోపల ధారాళంగా పోసింది. పొయ్యి పక్కన కూర్చుని తెరిచి చూస్తే సెకను కూడా పట్టలేదు. ఆ పిల్ల సంతోషం అంతా ఇంతా కాదు. తండ్రికి ఆ మాట చెప్పి నిశ్చింతగా పడుకుంది. పాత కత్తుల్లో రేకులు లేవన్న సంగతి, అన్ని ఫోన్లు విప్పి బిగించిన ఆ బుర్రకు తట్టనే లేదు.

గురువారం తెల్లవారేసరికి చలి ఎముకలు కొరుకుతోంది. కోత అయిన కంది చేలో కొయ్యకాళ్ళ మీద మంచు పడి ఉంది. బాలప్ప గొంగడి కప్పుకుని దూరంగా నిలబడ్డాడు, మిగతా కాపరులు అతని వెనక. నవనీత గట్టు మీద నుంచి చూస్తోంది. భీమప్ప వల ఒక కొస విప్పగానే మంద ఒక్కసారిగా లేచి తోసుకొచ్చింది.

పది జీవాలు దాటాయో లేదో, కుడిపక్క ఒక గొర్రె కన్నంలో తల పెట్టి వెనక్కి గుంజింది. తాడు బిగిసింది. భీమప్ప రెండంగల్లో దాని మీదికి పోయి మోకాళ్ళ మధ్య అదిమాడు. కత్తి చేతికొచ్చింది. బొటనవేలు నెట్టింది. బ్లేడు కదల్లేదు. అతను మళ్ళీ నెట్టాడు. బ్లేడు ముద్దలా, బరువుగా తెరుచుకుంది. టక్‌మనే చప్పుడు మాత్రం రాలేదు.

గట్టు మీద ఉన్న ఆమెకే తెలిసింది, చేతిలో పట్టుకున్న అతనికి తెలియదా. కొవ్వు చలికి గడ్డకట్టి రేకును కదలనివ్వలేదు. గొర్రె నాలుక బయటికొచ్చేసింది. భీమప్ప పదును బయటికి తిప్పి కత్తిని తాడు కిందికి దూర్చాడు. గొర్రె తల విసిరింది. దాని మెడ కత్తి వీపును కొట్టింది. బ్లేడు మడుచుకుని అతని మూడు వేళ్ళ మీద పడింది.

అతను కత్తి వదల్లేదు. నెత్తురు కారుతున్న చేత్తోనే మళ్ళీ తెరిచి, బొటనవేలు కొసతో రేకును బలంగా బ్లేడు వెనక్కి కుక్కాడు. తాడు తెగింది. కత్తి మడిచాడు. మెడలోంచి వల లాగాడు. గొర్రె రెండుసార్లు దగ్గి మంద వెనక పరుగెత్తింది.

బాలప్ప నెమ్మదిగా దగ్గరికొచ్చి నెత్తురును, కత్తిని చూశాడు. చెయ్యి జారిందా అని అడిగాడు.

"జారింది," అన్నాడు భీమప్ప. "నాదే తప్పు."

ఆ ఒక్క మాటతో ముప్పై జీవాలూ పోయినట్టే. నవనీతకు అది వెంటనే అర్థమైంది. ఆమె గట్టు దిగి పరుగెత్తుకొచ్చింది.

"జారలే, పెద్దనాయిన. రాత్రి నేనే కొవ్వు పోసిన. గది గడ్డకట్టి రేకు అడ్డం పడలే."

భీమప్ప ఆమె వైపు కోపంగా చూశాడు. పుట్టినప్పటి నుంచి ఆమె మీద అంత కోపంగా చూసింది లేదు. చిన్నపిల్ల మాట పట్టించుకోవద్దన్నాడు. ఆడపిల్ల చేతివల్ల తండ్రి చెయ్యి తెగిందన్న మాట మందలో ఒకసారి పుడితే ఆమె పెళ్ళయి పిల్లలు పుట్టినా చావదని అతని భయం. ఆ మాట కంటే గొర్రెలు పోవడమే నయమనుకున్నాడు పాపం.

బాలప్ప కత్తి తీసుకుని గోటితో పిడి లోపల గీకాడు. తెల్లటి కొవ్వు ఊడొచ్చింది. దాన్ని గొంగడికి తుడుచుకున్నాడు.

"చెయ్యి బాగలేనోడు నా పక్కన పండుకుంటే నాకు ఫికర్ లేదు, భీమప్పా," అన్నాడు. "కత్తి సంగతి దాచెటోడు పక్కనుంటే నాకు నిద్రపట్టది. ఏమైందో నువ్వే చెప్పు."

భీమప్ప కూతురిని చూశాడు. ఆమె ఏడుపు దిగమింగుకుంటూ తలూపింది.

"కొవ్వు బిడ్డ పోసింది," అన్నాడతను. "తెరిచినప్పుడు సప్పుడు రాలే. రాలేదని నాకు ఎర్కనే. మంద కాడికి వచ్చేముందు కత్తి చూసుకోవల్సింది నేను. చూసుకోలే."

"గదీ మాట," అన్నాడు బాలప్ప. కత్తి మడిచి అతని చేతిలో పెట్టాడు. "ఎల్లుండి దౌల్తాబాద్ దిక్కు పోతున్నం. గాయం మానెదాక నువ్వు మంద ముందట నడువు, వల నేను చూసుకుంట. మానినంక నీ దిక్కు వల నువ్వే ఇప్పు."

ఇక చెప్పేదేమీ లేనట్టు అతను మంద వెనక నడిచాడు. మిగతావాళ్ళూ కర్రలు ఎత్తుకుని కదిలారు.

నవనీత చున్నీ అంచు చింపి తండ్రి వేళ్ళకు చుట్టింది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. కళ్ళు మసకబారి ముడి పడటం లేదు, పడినా నిలవడం లేదు. భీమప్ప వంగి, ఒక కొసను పళ్ళతో పట్టుకుని, రెండో కొస లాగమని కళ్ళతో చెప్పాడు.