వెనక గది

సూర్యాపేట దవాఖానలో రక్తపరీక్ష చేయించుకొచ్చిన సాయంత్రమే ఉషారాణి మంచం వెనక గదిలోకి మారింది. కడుపుతో ఉన్న కోడలికి హెపటైటిస్ బి అని తెలియగానే అత్త మైసమ్మ కంచం, చెంబు వేరు చేసింది. ఎవరైనా అడిగితే "కామెర్లు, పండుకుంది" అని చెప్పి తలుపు దగ్గరికేసేది.

భర్త సాంసన్ నేరేడుచర్ల రైస్‌మిల్లు లారీ నడుపుతాడు. డ్యూటీ దిగొచ్చి గడప బయటే నిలబడి "తిన్నవా?" అనేవాడు. లోపలికి వచ్చేవాడు కాదు.

ఆ గదికి కిటికీ లేదు. గోడ వారగా వడ్ల బస్తాలు. ఉక్కకు ఊపిరి సలిపేది కాదు. బిడ్డ కదిలినప్పుడల్లా సంతోషించాలో ఏడవాలో ఉషారాణికి తెలిసేది కాదు. తన రక్తమే బిడ్డకు విషమైపోతుందేమోనని వణికేది.

తర్వాతి చెకప్‌లో డాక్టరమ్మ భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టింది.

"ఈ వైరస్ కాలేయంలో ఏండ్ల తరబడి సప్పుడు లేకుండ ఉంటది. నొప్పి తెల్వది, కండ్లు పచ్చబడకపోవచ్చు. లోపల మాత్రం వాపొచ్చి కాలేయం గట్టిపడొచ్చు. అందుకే మందులు, పరీక్షలు మానొద్దు. కలిసి తింటే, ముట్టుకుంటే అంటదు. రక్తంతోని, భార్యాభర్తల కలయికతోని, కాన్పప్పుడు తల్లి నుంచి బిడ్డకు వస్తది. బిడ్డ పుట్టంగనే రెండు ఇంజెక్షన్లు ఇస్తం, భయపడకు. ఇంట్ల అందరు పరీక్ష చేయించుకోండ్రి."

పరీక్ష చేస్తే సాంసన్ రక్తంలోనూ అదే వైరస్ ఉన్నట్టు తేలింది.

"ఎవరి నుంచి ఎవరికొచ్చిందో చెప్పలేం," అంది డాక్టరమ్మ. తిరిగొచ్చేటప్పుడు బస్సులో సాంసన్ తల ఎత్తలేదు.

ఇంటికి రాగానే ఉషారాణి ముందు గదిలో అత్త ఎదుట కూర్చుంది.

"ఆయనకు గూడ ఉంది అత్తమ్మా. ఇప్పుడు కొడుకును గూడ ఆ గదిలకు తోలుతవా?"

సాంసనే వెళ్లి భార్య మంచాన్ని ముందు గదిలోకి మోసుకొచ్చాడు.

"నువ్వు గూడ పరీక్షకు రావాలె అమ్మా."

"నాకేమైందిరా? నేను రాను," అంటూ ఆమె పొలం వైపు వెళ్లిపోయింది.

కాన్పుకు ముందు నుంచే ఉషారాణి రోజూ మాత్ర వేసుకుంది. పాప పుట్టిన కొద్ది గంటల్లోనే రెండు ఇంజెక్షన్లు పడ్డాయి, తర్వాతి టీకాలు వేళకు వేయించారు. ఏడాది దాటాక పరీక్ష చేస్తే పాపకు వైరస్ లేదు. భార్యాభర్తలిద్దరూ మానకుండా చెకప్‌కు వెళ్తూనే ఉన్నారు. మైసమ్మ మాత్రం సూర్యాపేట పేరెత్తితే చాలు, ఏదో పని ఉందని లేచిపోతుంది.