గుడ్డి దెబ్బ

దర్జీ బంతిని ఎంత బాగా కొట్టినా వాళ్ళన్నయ్య ఒకటే మాట అనేవాడు: "గుడ్డి దెబ్బరా!" అది వింటే దర్జీకి ఒళ్ళు మండేది.

అన్నయ్య పోయాక ఇవాళే మళ్ళీ గోల్ఫ్ ఆడుతున్నాడు. మొదటి బంతి నీళ్ళపాలైంది. మధ్యలో కాస్త చెయ్యి కుదిరిందనుకునేలోపే ఇంకోటి వెళ్ళి ఇసుకలో కూరుకుపోయింది. తోడొచ్చిన పళ్ళడాక్టరు మర్యాదస్తుడు, పల్లెత్తు మాట అనలేదు.

చివరి గుంట దగ్గర, అంత దూరం నుంచి నెట్టిన బంతి వాలు వెంట వంకరగా దొర్లుతూ వెళ్ళి టప్పున లోపల పడింది.

దర్జీ అలవాటు కొద్దీ పోట్లాటకు సిద్ధమై గిర్రున వెనక్కి తిరిగాడు. వెనక పచ్చిక తప్ప ఏమీ లేదు.

"ఆహా, పనితనమంటే మీదండీ!" అన్నాడు డాక్టరు.

"పనితనమా, పాడా!" అని కసిరాడు దర్జీ. "గుడ్డి దెబ్బండీ."