భుజాలాయన

"మోకాళ్ళు కాస్త మడవండి. ఆఁ, అంతే. పట్టీని రెండు చేతులా పట్టుకోండి. ఇప్పుడు కాళ్ళు చాపండి."

బల్ల మీది భారీ మనిషి కాళ్ళు చాపాడు. పాదాల కిందుగా వేసిన పట్టీ చేతుల్ని లాగింది. చేతులు భుజాల్ని లాగాయి. అయినా భయానికి అవి మళ్ళీ పైకే పోతున్నాయి.

"చెవులతో భుజాలకి ఏం రహస్యాలండీ? కాసేపు విడిగా ఉండనివ్వండి."

ఆ మనిషి నవ్వాడు. భుజాలు దిగాయి.

ఆస్పత్రిలో అందరూ అతన్ని భుజాలాయన అంటారు. స్కానింగు గదిలో ఇరవై ఆరేళ్ళుగా అతని పని ఇదే. మెడకి స్కానింగు తీసేటప్పుడు భుజాలు అడ్డొస్తే కింది ఎముకల మీద చారలు పడి బొమ్మ మసకబారుతుంది. ఎన్ని మెషీన్లు మారినా భుజాలు మారలేదు. అందుకే పాత దుప్పటి చింపి, నాలుగు మడతలు కుట్టి పట్టీ చేసుకున్నాడు. మనిషిని ఓసారి ఎగాదిగా చూస్తే చాలు, ఆ పొడుగుకి ముడి ఎక్కడ పడాలో తెలిసిపోయేది.

నేలకింద అంతస్తులోని ఆ గదికి కిటికీ లేదు. సీసం రేకు తాపిన తలుపు. బయట వానో ఎండో వచ్చేవాళ్ళ చెప్పుల్ని బట్టి తెలుసుకోవాలి. ఈ గదిలో అతనికి ఊపిరాడదు. మానేసి ఇంట్లో కూర్చోవడం తలుచుకుంటే అసలే ఆడదు. వేరే పని రాదు.

మూడు నెలలుగా కుడిచేతి వేళ్ళు మొద్దుబారి ఉన్నాయి. సంగతి భార్యకొక్కదానికే తెలుసు. పొద్దున చొక్కా గుండీలు పెడుతూ అడిగింది.

"ఎన్నాళ్ళు దాస్తావయ్యా?"

"దాగినన్నాళ్ళు."

చేతులు పనికిరావని తెలిస్తే ఆ రోజే పంపేస్తారు.

అద్దం అవతల మెషీను నడిపే అమ్మాయి మైకులో చెప్పింది. "గుటక వెయ్యొద్దు. కదలొద్దు."

బల్ల లోపలికి కదిలింది. భుజాలాయన ఆమె పక్కన నిలబడి తెర చూశాడు. పై ఎముకలు ఒక్కొక్కటే తేటగా వచ్చాయి. ఆరో ఎముక దగ్గర తెల్లటి చారలు. ఏడోది కనపడనే లేదు.

"ఏంటి బాబాయ్, నీ పట్టీతో ఇలా రావడం ఎప్పుడూ చూళ్ళేదు."

అతను లోపలికి వెళ్ళాడు. ముడి జారిపోయి ఉంది.

"నేను గట్టిగానే పట్టుకున్నానండీ," అన్నాడు ఆ మనిషి, నేరం చేసినట్టు.

"మీ తప్పేం లేదు."

గోడవైపు తిరిగి, పళ్ళతో లాగి ముడి బిగించాడు. అద్దంలోంచి అమ్మాయి చూస్తోందన్న సంగతే మరిచాడు.

రెండోసారి బొమ్మ బాగా వచ్చింది. ఆ మనిషి వెళ్ళగానే అమ్మాయి వచ్చి పెన్ను చాపింది.

"పట్టుకో, బాబాయ్."

పెన్ను నేల మీద పడింది.

"ఈ వయసులో నాకు పెన్నుతో ఏం పని అమ్మాయ్?"

ఆమె నవ్వలేదు. డాక్టరుకి ఫోను చేసింది. డాక్టరు వచ్చి, చేతులూ మెడా తడిమి చూసి, బల్ల చూపించాడు.

"పడుకో, పెద్దాయనా."

పట్టీని తన పొట్టి కొలతకి తనే పళ్ళతో బిగించుకుని పడుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆ బల్ల ఎక్కడం ఇదే మొదలు. కప్పు మీద ఒక మరక ఉంది. ఇన్ని వేలమందీ దాన్నే చూస్తూ పడుకున్నారన్నమాట.

భుజాలు కాస్త ఎత్తి ఉంచితే చాలు, బొమ్మ మసకబారుతుంది. ఏమీ తేలదు. ఇంకో నెల గడుస్తుంది. ఆ కిటుకు అతనికంటే ఎవరికి తెలుసు? భుజాలు మెల్లగా పైకి లాక్కున్నాడు.

"బాబాయ్," అంది మైకులోంచి అమ్మాయి. "చెవులతో ఏం రహస్యాలు?"

నవ్వొచ్చింది. భుజాలు దిగిపోయాయి.

అంత తేటైన బొమ్మ ఆ గదిలో ఎప్పుడూ రాలేదు. ఆరో ఎముక దగ్గర ఓ ముక్క పెరిగి వెన్నుపాము దారిని ఎంత నొక్కేసిందో పిల్లాడికైనా తెలుస్తుంది.

"ఇంక ఈ పని వద్దు," అన్నాడు డాక్టరు. "ఈ గదికి రావద్దు."

మెడ కదలకుండా కాలరు వేసి చక్రాల కుర్చీలో పైకి తీసుకుపోయారు. తల తిప్పే వీల్లేదు గనక అతను వెనక్కి చూడలేదు.

మర్నాడు మెడనొప్పితో ఒక పొడుగాటి మనిషి వచ్చాడు. అమ్మాయి గోడ మేకుకున్న పట్టీ తీసి ముడి విప్పబోయింది. గోళ్ళకి లొంగలేదు. కాసేపు పెనుగులాడి, మళ్ళీ మేకుకే తగిలించింది. ఏసీ గాలికి పట్టీ కొద్దికొద్దిగా ఊగింది. పొట్టి మనిషి కొలతకి, పంటిగాట్లతో, ముడి బిగిసే ఉంది.