రమోనా రిబ్బను

పన్నెండేళ్లుగా నా పెద్దపేగుకు వాపు జబ్బు. పుండ్లు పడతాయి, రక్తం పోతుంది, ఉన్నపళాన మరుగుదొడ్డికి పరుగెత్తాలి. "ఇది పోయే జబ్బు కాదు నెలిదా గారూ, పడుకునే జబ్బు. రోజూ మాత్ర వేసుకుంటే పడుకుంటుంది," అన్నాడు డాక్టరు. నన్ను విడిచి అందరూ పోయారు, పోనన్నది ఇదొక్కటే. మా ఆయన శవపేటిక మూసినప్పుడూ, తమ్ముడు విమానం ఎక్కినప్పుడూ నేను మరుగుదొడ్డిలోనే ఉన్నాను. అందుకే అక్క ఎతెల్వినా ఇక కూతురి దగ్గరే ఉండిపోవడానికి మాంటెవీడియో వెళ్తున్నాననగానే, ఈసారైనా ముద్దుపెట్టి సాగనంపాలనుకున్నాను.

రెండేళ్లుగా మాత్ర పేగును జోకొడుతూనే ఉంది. పక్కింటి రమోనాకే నిద్ర పట్టలేదు. ఆమె అజీర్తిని రిబ్బనుతో కుదురుస్తుంది, నాకున్నదీ అజీర్తేనని పట్టుబట్టింది. ఒక కొన నా పొట్టకు ఆనించి, రెండో కొన నుంచి మూడుసార్లు మూర వేస్తూ నా వైపు వస్తుంది. చివరికి చెయ్యి నా ఒంటిమీద బొడ్డు దాటి ఎంత పైన ఆగితే అజీర్తి అంత ముదిరినట్టు.

"గొంతుదాకా వచ్చింది చూడు! ఏం తిన్నావే తల్లీ, గుర్రాన్నా?"

"అజీర్తి కాదు, పేగు వాపు. డాక్టరిచ్చిన పుస్తకంలో చదివాను."

"ఆ పుస్తకం రాసినవాడి పొట్ట ఎవరు కొలిచారట?"

అలా రోజూ కొలవగా మూడో రోజు చెయ్యి బొడ్డు దగ్గరే ఆగింది. "నయమైంది. ఇక మాత్ర మింగావా, నా మంత్రం చెడుతుంది," అంది. నాకు అనుమానం రాకపోలేదు. కానీ మా వీధిలో రమోనాను కాదన్నవాళ్లకు సాయంత్రం మాతే ఆకు కషాయం తాగే గుంపులో కుర్చీ ఉండదు. మానేశాను.

నెల తిరక్కుండా, సరిగ్గా అక్క ప్రయాణం రోజునే పేగు లేచింది. బస్సు కదలడానికి అయిదు నిమిషాలుందనగా నేను బస్టాండు మరుగుదొడ్డిలో ఉన్నాను.

"ప్రయాణపు బెంగలే! తలుపు తియ్యి, కొలుస్తాను!" బయట రమోనా.

"ప్రయాణం నాది కాదమ్మా!"

"రమోనా, ఆ రిబ్బను లోపల పెట్టు. లేదంటే దాంతోనే నీ నోరు కడతాను," అంది అక్క. తర్వాత తలుపు కింది సందులోంచి ముడతలు పడ్డ ఆమె చెయ్యి లోపలికొచ్చింది. "మాత్రలు మానేశావు కదూ?"

"ఊఁ."

"డాక్టరు దగ్గరికి వెళ్తానని అను. అనకపోతే నేను బస్సెక్కను."

హారన్ మోగింది. నేను నోరు మూసుకుంటే చాలు, అక్క ఉండిపోతుంది. సిగ్గులేకుండా మూసుకున్నాను. హారన్ మళ్లీ మోగింది. చెయ్యి కదల్లేదు.

"ఇవాళే వెళ్తాను. నువ్వెళ్లక్కా," అన్నాను. వంగి ఆ చేతిని ముద్దుపెట్టుకున్నాను.

బస్సు చప్పుడు పోయాక బయటికొచ్చాను. రమోనా రిబ్బను చాచింది. లాక్కుని, దాంతో జుట్టు ముడేసుకుని డాక్టరు దగ్గరికి నడిచాను.